పి-53 మోసిన నీలాపనింద

మీరు ఈ పేరా చదవడం పూర్తిచేసేలోగా మీ శరీరంలోని ఎన్నో కణాల్లో డి.ఎన్.ఎ. ఎక్కడో ఒకచోట దెబ్బతిని ఉంటుంది. కంగారు పడనక్కరలేదు. ఇది ప్రతి మనిషిలో, ప్రతి క్షణం జరిగేదే. ఒక్కొక్క కణంలో రోజుకు వేల సంఖ్యలో ఇటువంటి దెబ్బలు తగులుతుంటాయని అంచనా. శరీరంలోని వేడి, నీరు, మనం పీల్చే ఆక్సిజన్ చాలు, ఆ పొడవాటి అణువును కొంచెం కొంచెంగా గాయపరచడానికి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగాకు పొగ, ఎక్స్-కిరణాలు వీటికి తోడవుతాయి. గాయాలను సరిచేసే ఎంజైములు కణంలోనే ఉన్నాయి కనుక చాలావరకు అవి ఎప్పటికప్పుడు మానిపోతుంటాయి.

మరి గాయం మానకముందే కణం రెండుగా విభజన చెందితే? తప్పులు దిద్దని ప్రూఫులతోనే పుస్తకం అచ్చుకు పంపినట్టవుతుంది. ఆ తప్పు రెండు కణాల్లోకి, ఆపైన నాలుగింటిలోకి పోతుంది. అటువంటి తప్పులు కొన్ని ఒకేచోట పోగుపడినప్పుడే క్యాన్సర్ పుడుతుంది. అందుకే కణంలో ఒక కాపలాదారు ఉంటాడు. డి.ఎన్.ఎ. దెబ్బతిన్నదని తెలియగానే విభజనను ఆపించేది, గాయం మరీ పెద్దదైతే ఆ కణాన్నే చనిపొమ్మని ఆజ్ఞాపించేది అతడే. ఆ కాపలాదారు ఒక ప్రోటీన్. దానికి సరైన పేరు కూడా లేదు. ఉన్నదల్లా ఒక అక్షరం, ఒక అంకె: పి-53.

నేను ఎమ్మెస్సీ చదువుతున్న రోజుల్లో గ్రంథాలయంలో రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని నోట్సు రాసుకుంటున్నాను. 1980లలో అచ్చయిన పాత పుస్తకంలో పి-53 పేరు క్యాన్సర్ కలిగించే జన్యువుల పట్టికలో ఉంది. కొత్త పుస్తకంలో అదే పేరు క్యాన్సర్‌ను అడ్డుకునే జన్యువుల పట్టికలో ఉంది. అచ్చుతప్పేమో అనుకుని పాత పుస్తకం అంచున పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టాను. గ్రంథాలయ పుస్తకంలో గీతలు గీయకూడదన్న సంగతి ఆ క్షణాన గుర్తురాలేదు. కానీ అది అచ్చుతప్పు కాదు. శాస్త్రజ్ఞులంతా కలిసి నిజాయితీగా చేసిన పొరపాటు. ఆ పొరపాటు ఎలా జరిగింది, ఎలా దిద్దుకున్నారు, ఆ కాపలాదారును కణం ఎలా అదుపులో ఉంచుతుంది అన్నదే ఈ వ్యాసం.

కోతి వైరస్ చూపిన దారి

కథ పోలియో టీకాతో మొదలవుతుంది. 1950లలో ఆ టీకా తయారుచేయడానికి కోతుల మూత్రపిండాల కణాల్లో పోలియో వైరస్‌ను పెంచేవారు. అందుకు కావలసిన రీసస్ కోతుల్లో ఎన్నో మన దేశం నుంచే ఎగుమతి అయ్యేవి. 1978లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. 1960లో బెన్ స్వీట్, మారిస్ హిల్లెమాన్ అనే శాస్త్రజ్ఞులు ఆ కోతి కణాల్లో అప్పటిదాకా ఎవరూ చూడని ఒక వైరస్ ఉన్నట్లు కనుగొన్నారు. దాని పేరు ఎస్.వి.-40. అది కోతులకు పెద్దగా హాని చేయదు. కానీ హామ్‌స్టర్ అనే చిన్న జంతువులో ఎక్కిస్తే కణితులు పుట్టాయి. దానితో సహజంగానే అందరూ భయపడ్డారు. తరువాతి అధ్యయనాల్లో, ఆ టీకా తీసుకున్న మనుషుల్లో క్యాన్సర్లు పెరిగినట్లు కనబడలేదు. అయితే పరిశోధకులకు ఆ వైరస్ ఒక వరంగా మారింది. దానిలో ఉన్న జన్యువులు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే. ఇంత చిన్న వైరస్ మామూలు కణాన్ని క్యాన్సర్ కణంగా ఎలా మార్చగలుగుతున్నది? జవాబు ఆ కొద్ది జన్యువుల్లోనే ఉండాలి.

వెతగ్గా వెతగ్గా ఆ పని చేసేది 'పెద్ద టి-యాంటిజెన్' అనే వైరస్ ప్రోటీన్ అని తేలింది. 1979లో లండన్‌లో డేవిడ్ లేన్, లయనెల్ క్రాఫర్డ్, అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో డేనియల్ లింజర్, ఆర్నాల్డ్ లెవిన్ ఆ ప్రోటీన్‌ను ప్రతిరక్షకాల సాయంతో కణాల నుంచి బయటికి లాగారు. ప్రతిసారీ దానిని అంటిపెట్టుకుని మరొక ప్రోటీన్ వచ్చేది. అది వైరస్‌ది కాదు, కణం సొంతది. పారిస్ సమీపంలో పియర్ మే బృందానికీ అదే ఏడాది అదే కనిపించింది. న్యూయార్క్‌లో లాయిడ్ ఓల్డ్ బృందం వేరే దారిలో వెళ్ళింది. వారు రసాయనాలతో ఎలుకల్లో కణితులు పుట్టించి, వాటిలో అదే ప్రోటీన్‌ను గుర్తించారు.

జెల్‌లో విద్యుత్తు సాయంతో పరుగెత్తించినప్పుడు దాని అణుభారం సుమారు 53 వేలున్నట్లు కనిపించింది. 'ప్రోటీన్' మాటకు ఇంగ్లీషు మొదటి అక్షరం పక్కన 53 చేర్చి పేరు పెట్టారు. ఇక్కడ చిన్న తమాషా ఉంది. దానిలో ఉన్న 393 అమైనో ఆమ్లాలను లెక్కకడితే అసలు భారం 44 వేలు కూడా ఉండదు. ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువగా ఉన్న భాగం వల్ల అది జెల్‌లో నెమ్మదిగా కదులుతుంది. అంటే దాని పేరులోనే ఒక పొరపాటు దాగి ఉన్నది!

పదేళ్ళ పొరపాటు

వినాయక చవితి కథలో శమంతకమణి సంగతి మీకు తెలిసిందే. ప్రసేనుడు అడవిలో చనిపోయాడు, మణి మాయమైంది, అంతకుముందు ఆ మణిని అడిగినవాడు కృష్ణుడు. కనుక చేసినవాడూ అతడే అన్నారు జనం. పి-53 విషయంలోనూ సరిగ్గా ఇదే జరిగింది. క్యాన్సర్ కణాల్లో చూస్తే అది కుప్పలుగా ఉంది. మామూలు కణాల్లో చూస్తే కనిపించీ కనిపించనంత ఉంది. నేరం జరిగిన ప్రతిచోటా కనిపిస్తున్నాడు కనుక వీడే నేరస్థుడు!

1984లో దీనికి గట్టి సాక్ష్యం కూడా దొరికింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మాన్ సంస్థకు చెందిన మోషే ఓరెన్‌తో సహా వేర్వేరు బృందాలు పి-53 జన్యువును వేరుచేసి పెంపకపు కణాల్లో ప్రవేశపెట్టాయి. 'రాస్' అనే క్యాన్సర్ జన్యువుతో కలిపి పెడితే ఆ కణాలు క్యాన్సర్ కణాల్లా మారాయి. ఇంకేం, పి-53 క్యాన్సర్ జన్యువుల జాబితాలో చేరిపోయింది.

ఈ కథకు సరిపడని ఆధారాలు అప్పటికే రావడం మొదలైంది. 1985 నాటికి వార్దా రోటర్ బృందం ఒక రక్త క్యాన్సర్ కణాల రకంలో పి-53 జన్యువు దాదాపు పూర్తిగా లేదని చూపింది. ఎలుకల్లో మరొక రకం రక్త క్యాన్సర్‌లో అది ముక్కలై పనికిరాకుండా పోయి ఉన్నది. క్యాన్సర్ కలిగించేది అదే అయితే, అది లేని కణాలకు క్యాన్సర్ ఎలా వచ్చింది? ఈ ప్రశ్న అడగవలసినంత గట్టిగా ఎవరూ అడగలేదు. 'మినహాయింపులు' అని పక్కన పెట్టేశారు.

1989: తీర్పు తారుమారు

లెవిన్ ప్రయోగశాలలో ఒక చిక్కు వచ్చిపడింది. వారి దగ్గరున్న పి-53 నకలు కణాలను క్యాన్సర్ కణాలుగా మార్చడం లేదు. ఇతరుల నకళ్ళు మారుస్తున్నాయి. తమ ప్రయోగంలోనే లోపం ఉందేమోనని మళ్ళీ మళ్ళీ చేసి చూశారు. చివరకు రెండు రకాల జన్యువుల వరుసలను అక్షరం అక్షరం పోల్చి చూస్తే అసలు సంగతి బయటపడింది. క్యాన్సర్ కలిగిస్తున్న నకళ్ళన్నీ ఉత్పరివర్తనం చెందినవి, అంటే చెడిపోయినవి. మంచి నకలు ఒక్క లెవిన్ బృందం దగ్గరున్నదే. అంతేకాదు, ఆ మంచి నకలును ఎక్కిస్తే ఇతర క్యాన్సర్ జన్యువుల పని కూడా ఆగిపోతున్నది. 1989లో కాథీ ఫిన్లే, ఫిలిప్ హైండ్స్, లెవిన్ ఈ ఫలితం ప్రకటించారు.

అదే ఏడాది అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో బెర్ట్ వోగెల్‌స్టైన్ బృందం మరొక దారిలో అక్కడికే చేరింది. పెద్దప్రేగు క్యాన్సర్ కణాల్లో 17వ క్రోమోసోములో ఒక ముక్క తరచుగా ఊడిపోతున్నది. ఆ ముక్కలో ఏ జన్యువుంది? సుజాన్ బేకర్ అనే పరిశోధక విద్యార్థిని వెతికి చూస్తే అక్కడ పి-53 ఉన్నది. ఊడిపోయిన ప్రతి ఎలాగూ పోయింది. మిగిలిన ఒక్క ప్రతిలోనూ ఉత్పరివర్తనం కనిపించింది. అంటే క్యాన్సర్ రావాలంటే పి-53 పనిచేయకుండా పోవాలి. నేరస్థుడనుకున్నవాడు కాపలాదారని తేలింది.

1990లో మరొక రుజువు దొరికింది. 1969లో ఫ్రెడరిక్ లీ, జోసెఫ్ ఫ్రామెనీ అనే వైద్యులు కొన్ని కుటుంబాల్లో తరతరాలుగా చిన్న వయసులోనే రకరకాల క్యాన్సర్లు వస్తున్నాయని గమనించారు. అటువంటి 5 కుటుంబాలను పరీక్షిస్తే, పుట్టుకతోనే వారికి ఒక పి-53 ప్రతి చెడిపోయి ఉన్నట్లు తేలింది. 1992లో లారెన్స్ డోన్‌హోవర్ బృందం పి-53 అసలే లేని ఎలుకలను పుట్టించింది. అవి చూడటానికి మామూలుగానే పుట్టాయి, పెరిగాయి. కానీ ఆరు నెలలు నిండేసరికి వాటిలో దాదాపు నాలుగింట మూడు వంతుల ఎలుకలకు కణితులు వచ్చాయి. ఆ ఏడాదే డేవిడ్ లేన్ దీనికి 'జీనోమ్ సంరక్షకుడు' అని పేరు పెట్టాడు. 1993లో 'సైన్స్' పత్రిక దీనిని ఆ ఏటి మేటి అణువుగా ఎన్నుకుంది. నేటి లెక్కల ప్రకారం మనుషులకు వచ్చే క్యాన్సర్లలో దాదాపు సగం వాటిలో ఈ జన్యువు చెడిపోయి ఉంటుంది.

ఒక సందేహం మిగిలి ఉంది. చెడిపోయిన నకలు పనిచేయకపోతే సరే, మంచి నకలు పక్కనే ఉన్నా క్యాన్సర్ ఎందుకు కలిగించింది? పి-53 ఒంటరిగా పనిచేయదు. నాలుగు అణువులు ఒకటిగా కూడి డి.ఎన్.ఎ.ను పట్టుకుంటాయి. పల్లకీ మోసే నలుగురు బోయీల్లో ఒక్కడు కుంటినా పల్లకీ ఒరిగిపోతుంది కదా! కణంలో సగం మంచివి, సగం చెడ్డవి ఉండి, అవి ఎలాబడితే అలా కలుస్తాయనుకుంటే, నలుగురూ మంచివాళ్ళే ఉన్న జట్లు 16లో ఒక్కటే ఉంటుంది. లెక్క మీరే వేసి చూడండి.

దెబ్బ తగిలితే పెరిగే ప్రోటీన్

ఇక మన అసలు ప్రశ్నకు వద్దాం. కాపలాదారు ఎప్పుడు మేలుకుంటాడు?

దీనికి జవాబు 1984లోనే ఒక పత్రికలో అచ్చయింది. మాల్ట్జ్‌మాన్, చిజిక్ అనే ఇద్దరు పరిశోధకులు ఎలుక కణాలమీద అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తే పి-53 పరిమాణం పెరిగిందని గమనించారు. ఆ ప్రోటీన్ కొత్తగా ఎక్కువ తయారవడం వల్ల కాదు, తయారైనది త్వరగా నాశనం కాకపోవడం వల్ల పెరిగిందని కూడా వారు రాశారు. అప్పట్లో పి-53 క్యాన్సర్ జన్యువని అందరూ నమ్ముతున్నారు. కనుక ఆ వ్యాసం అర్థం ఎవరికీ పట్టలేదు.

1991లో జాన్స్ హాప్‌కిన్స్‌లోనే మైకేల్ కాస్టన్ బృందం గామా కిరణాలతో ఈ ప్రయోగం చేసింది. కిరణాలు తగిలిన కొద్ది గంటల్లోనే పి-53 పెరిగింది. కణం డి.ఎన్.ఎ.ను నకలు తీయడం ఆపేసింది. పి-53 లేని కణాలు మాత్రం గాయం తగిలినా పట్టించుకోకుండా నకలు తీస్తూనే పోయాయి. కాపలాదారు విధి ఏమిటో ఈ ప్రయోగంతో స్పష్టమైంది.

ఇక్కడ ఆశ్చర్యం కలిగించే విషయం ఒకటుంది. మామూలు కణంలో పి-53 తయారీ ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. కానీ తయారైన అణువుల్లో సగం సుమారు 20 నిమిషాల్లో నాశనమైపోతాయి. ఇప్పుడు 100 అణువులుంటే 20 నిమిషాలకు 50, మరో 20 నిమిషాలకు 25, గంట గడిచేసరికి 12 లేక 13 మిగులుతాయి. ఎందుకింత దుబారా?

మన ఊరి చెరువును ఊహించుకోండి. పైనుంచి కాలువ నీరు పడుతూనే ఉంది. కింద తూము తెరిచి ఉంది. కాబట్టి చెరువులో నీరు అడుగంటే ఉంటుంది. ఇప్పుడు హఠాత్తుగా చెరువు నిండాలంటే కాలువను వెడల్పు చేయనక్కరలేదు. తూము మూస్తే చాలు. కణం చేసేదీ అదే. జన్యువును మేల్కొలిపి, ఆర్.ఎన్.ఎ. తయారుచేసి, దానినుంచి ప్రోటీన్ తయారుచేయాలంటే చాలా ఆలస్యమవుతుంది. పైగా దెబ్బతిన్నదే డి.ఎన్.ఎ. అయినప్పుడు, దానినుంచి కొత్తగా నకలు తీసి తెచ్చుకుంటామని కూర్చోవడం ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం వంటిది. అందుకని ప్రోటీన్ తయారీ ముందునుంచే సాగుతూ ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు నాశనాన్ని ఆపితే సరిపోతుంది.

తూము కాపరి ఎవరు?

మరి ఆ తూము ఏది? మొదటి ఆధారం మళ్ళీ ఒక వైరస్ నుంచే వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రెండవ స్థానంలో ఉంది. దానికి మూలం పాపిలోమా వైరస్. ఈ వైరస్‌లోని ఇ-6 అనే ప్రోటీన్ పి-53ని పట్టించి నాశనం చేయిస్తుందని 1990లో మార్టిన్ షెఫ్నర్, పీటర్ హౌలీ బృందం చూపింది. కణంలో 'యుబిక్విటిన్' అనే చిన్న ప్రోటీన్ ఉంది. ఏ ప్రోటీన్‌కు యుబిక్విటిన్ గొలుసు తగిలిస్తే దానిని 'ప్రోటియాసోమ్' అనే యంత్రం ముక్కలు చేసేస్తుంది. పాత సామాను మీద 'పారవేయండి' అని చీటీ అంటించడం వంటిదన్నమాట. లాటిన్‌లో 'అంతటా' అనే అర్థం వచ్చే మాటనుంచి పుట్టిన పేరు అది. అనువాదాలు చేసేటప్పుడు దానిని 'సర్వాంతర్యామి' అని రాయాలని నా చెయ్యి ఎన్నోసార్లు ఉబలాటపడింది! ఈ చీటీ పద్ధతిని కనుగొన్నందుకు 2004లో ఆరన్ సియెచనోవర్, అవ్రామ్ హెర్ష్కో, అర్విన్ రోజ్‌లకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

వైరస్ లేని మామూలు కణంలో పి-53కి ఈ చీటీ అంటించేది ఎవరు? ఎలుక కణాల్లో కొన్ని చిట్టి అదనపు క్రోమోసోములను పరిశీలిస్తూ డోనా జార్జ్ బృందం ఎం.డి.ఎం.-2 అనే జన్యువును గుర్తించింది. 1992లో లెవిన్ ప్రయోగశాలలో పి-53ని అంటిపెట్టుకుని వస్తున్న మరో ప్రోటీన్ ఏదా అని చూస్తే అది ఈ ఎం.డి.ఎం.-2యే. అదే ఏడాది వోగెల్‌స్టైన్ బృందం కొన్ని రకాల కండర, కొవ్వు కణజాలపు క్యాన్సర్లలో ఎం.డి.ఎం.-2 జన్యువు అనేక ప్రతులుగా పెరిగిపోయి ఉన్నట్లు చూపింది. కాపలాదారు మంచివాడే. కానీ అతని నోరు నొక్కేవాళ్ళు ఎక్కువయ్యారు!

1995లో జరిగిన ప్రయోగం ఈ ఇద్దరి సంబంధాన్ని కళ్ళకు కట్టినట్టు చూపింది. ఎం.డి.ఎం.-2 లేని ఎలుకలు పిండదశలోనే చనిపోయాయి. దానితోపాటు పి-53 కూడా తీసేస్తే అవి చక్కగా పుట్టి పెరిగాయి. అంటే అదుపులేని పి-53 కణాన్ని బతకనివ్వదు. కాపలాదారు లేకపోయినా కష్టమే, అతణ్ణి అదుపు చేసేవాడు లేకపోయినా కష్టమే. 1997లో ఓరెన్ బృందం, కారెన్ వూస్డెన్ బృందం విడివిడిగా పి-53ని నాశనానికి పంపేది ఎం.డి.ఎం.-2యేనని తేల్చాయి. తూము దొరికింది.

ఇందులో మరొక ముచ్చట ఉంది. ఎం.డి.ఎం.-2 జన్యువును పనిచేయించేది ఎవరో తెలుసా? పి-53! 1993లోనే ఈ సంగతి బయటపడింది. పి-53 పెరిగితే ఎం.డి.ఎం.-2 పెరుగుతుంది. అది పెరిగితే పి-53 తగ్గుతుంది. చెరువులో నీరు పెరిగేకొద్దీ తూము తలుపు దానంతట అదే పైకి లేచినట్టు. దీనినే ఫీడ్‌బ్యాక్ నియంత్రణ అంటారు.

ఇప్పుడు ఆ పాత నీలాపనింద గుర్తుచేసుకోండి. క్యాన్సర్ కణాల్లో పి-53 కుప్పలుగా ఎందుకుంది? చెడిపోయిన పి-53 ఎం.డి.ఎం.-2ని పనిచేయించలేదు. తూము తెరుచుకోదు. పనికిరాని ప్రోటీన్ పేరుకుపోవడానికి ఇది ఒక కారణం. ఎస్.వి.-40 సోకిన కణాల్లోనేమో వైరస్ ప్రోటీన్ దానిని పట్టి బంధించి ఉంచుతుంది. నేరం జరిగిన చోట కనిపించినవాడు కాళ్ళూ చేతులూ కట్టిపడేసిన కాపలాదారు. మనం చూసి దొంగ అనుకున్నాం!

కబురు మోసేవారు

డి.ఎన్.ఎ.కు దెబ్బ తగిలిందన్న కబురు తూము దాకా ఎలా చేరుతుంది? ఇందుకు ఆధారం ఒక అరుదైన వంశపారంపర్య జబ్బులో దొరికింది. ఎటాక్సియా టెలాంజియెక్టేసియా అనే ఆ జబ్బు ఉన్న పిల్లలకు నడక తూలుతుంది. కళ్ళలో సన్నని రక్తనాళాలు ఉబ్బి కనిపిస్తాయి. ఎక్స్-కిరణాల వంటి వికిరణాన్ని వారి శరీరం అసలు తట్టుకోలేదు. క్యాన్సర్లూ ఎక్కువే. 1992లో కాస్టన్ బృందం ఈ పిల్లల కణాలమీద గామా కిరణాలు ప్రసరింపజేస్తే పి-53 పెరగవలసినట్లు పెరగలేదు. అంటే కబురు మోసేవాడు వీరిలో లేడన్నమాట. 1995లో ఇజ్రాయెల్‌కు చెందిన యోసెఫ్ షిలో బృందం ఆ జన్యువును పట్టుకుంది. దాని పేరు ఎ.టి.ఎం. 1998లో రెండు బృందాలు అది చేసే పనిని చూపాయి. ఎ.టి.ఎం. ఒక కైనేజ్ ఎంజైము. డి.ఎన్.ఎ. రెండు పోగులూ తెగినప్పుడు అది మేల్కొని, పి-53లో 15వ స్థానంలో ఉన్న సెరీన్ అనే అమైనో ఆమ్లానికి ఒక ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అది 'సి.హెచ్.కె.-2' అనే మరో కైనేజ్‌ను కూడా లేపుతుంది. ఆ రెండవది 20వ స్థానంలోని సెరీన్‌కు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అతినీలలోహిత కిరణాల వంటి వాటితో కలిగే దెబ్బలకు ఎ.టి.ఆర్. అనే మరో కైనేజ్ ఉంది.

ఆ స్థానాలకే ఎందుకు? 1996లో నికొలా పావ్లెటిచ్ బృందం తీసిన స్ఫటిక చిత్రంలో జవాబుంది. ఎం.డి.ఎం.-2లో ఒక లోతైన గుంట ఉంది. పి-53 మొదటి భాగంలోని 19, 23, 26 స్థానాల్లో ఉన్న మూడు అమైనో ఆమ్లాలు ఆ గుంటలో తాళంలో తాళంచెవిలా కూర్చుంటాయి. ఆ చెవి పళ్ళ మధ్య, పక్కన ఋణావేశం ఉన్న ఫాస్ఫేట్లు వచ్చి చేరితే పట్టు సడలుతుంది. పి-53 డి.ఎన్.ఎ. మీద తన పని మొదలుపెట్టడానికి కూడా ఇవి తోడ్పడతాయి. ఎ.టి.ఎం. ఇంతటితో ఊరుకోదు. ఎం.డి.ఎం.-2కి కూడా ఫాస్ఫేట్ తగిలించి దాని పనిని దెబ్బతీస్తుంది. ఇటు చెవిని మార్చి, అటు తాళాన్ని మార్చి, తూము మూసుకునేలా కట్టుదిట్టం చేస్తుంది.

ఆపడమా, చంపడమా?

నిండిన చెరువు ఏం చేస్తుంది? పి-53 డి.ఎన్.ఎ.ను పట్టుకుని ఇతర జన్యువులను పనిచేయిస్తుంది. 1993లో అలా పనిచేసే పి-21 అనే ప్రోటీన్ బయటపడింది. కణ విభజనను ముందుకు నడిపే ఎంజైములకు పి-21 కళ్ళెం వేస్తుంది. కణం ఆగుతుంది. మరమ్మతుకు వ్యవధి దొరుకుతుంది.

రెండవ మార్గం మరణం. 1991లో ఓరెన్, లియో సాక్స్ బృందం ఒక చక్కని ప్రయోగం చేసింది. వారి దగ్గర ఒక వింత పి-53 రకం ఉంది. అది శరీర ఉష్ణోగ్రత దగ్గర చెడ్డదానిలా, సుమారు 32 డిగ్రీల దగ్గర మంచిదానిలా ప్రవర్తిస్తుంది. రక్త క్యాన్సర్ కణాల్లో దాన్ని పెట్టి, ఉష్ణోగ్రత తగ్గించగానే కణాలు తమంతట తాము చనిపోయాయి. దీనికి 'అపోప్టోసిస్' అని పేరు. ఒక్క కణం ప్రాణం ఇచ్చి ఒంటిని కాపాడుతుంది.

మనం తినేది, పీల్చేది ఈ కాపలాదారునే గాయపరచగలదు. 1991లో చైనాలోని చీదోంగ్ ప్రాంతంలో, దక్షిణ ఆఫ్రికా ప్రాంతంలో కాలేయ క్యాన్సర్లను పరీక్షిస్తే, పి-53 జన్యువులో 249వ స్థానంలోనే పదే పదే ఒకే తప్పు కనిపించింది. అది అఫ్లటాక్సిన్ అనే బూజు విషం చేసిన గుర్తు. తడి తగిలిన వేరుశనగ కాయలకు, మొక్కజొన్నకు పట్టే బూజులో ఈ విషం ఉంటుంది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు దశాబ్దాలుగా దీనిమీద పనిచేస్తున్నది ఊరికే కాదు. 1996లో పొగాకు పొగలోని బెంజోపైరీన్ గురించి కూడా ఇటువంటిదే తేలింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పి-53 ఏ ఏ చోట్ల ఎక్కువగా చెడిపోతుందో, ప్రయోగశాలలో ఆ రసాయనం సరిగ్గా ఆ చోట్లనే అంటుకుంది. నేరస్థుడి వేలిముద్ర అంటే ఇది.

అలలు అలలుగా

చాలాకాలంపాటు శాస్త్రజ్ఞులు లక్షలాది కణాలను ఒకేసారి నలగ్గొట్టి, వాటిలో పి-53 సగటున ఎంతుందో కొలిచేవారు. ఒక్కో కణాన్ని విడిగా చూస్తే? 2004లో వైజ్‌మాన్ సంస్థలో గాలిత్ లహావ్, ఊరీ అలోన్ బృందం పి-53కి మెరిసే ప్రోటీన్‌ను అతికించి, సజీవ కణాలను సూక్ష్మదర్శినిలో గంటల తరబడి చిత్రీకరించింది. గామా కిరణాలు తగిలిన కణంలో పి-53 పెరిగి అలాగే నిలబడిపోలేదు. పెరిగింది, తగ్గింది, మళ్ళీ పెరిగింది. ఐదారు గంటలకొక అల. తూము, నీరు పరస్పరం అదుపు చేసుకుంటే జరిగేది ఇదే. ఇంకా వింత ఏమిటంటే, దెబ్బ ఎక్కువైతే అల ఎత్తు పెరగలేదు, అలల సంఖ్య పెరిగింది. గాయం ఇంకా ఉందా అని కణం మళ్ళీ మళ్ళీ చూసుకుంటున్నట్టు!

2012లో లహావ్ బృందమే మరొక మెట్టు ఎక్కింది. అలలుగా వచ్చే పి-53ని ఒక మందుతో ఒకే స్థాయిలో నిలబెట్టారు. అలలు ఉన్నప్పుడు చాలా కణాలు కోలుకుని మళ్ళీ విభజనకు వెళ్ళాయి. నిలకడగా ఉంచినప్పుడు చాలా కణాలు శాశ్వతంగా విభజన మానేశాయి. అంటే ఎంత పి-53 ఉన్నదన్నదే కాదు, అది ఏ తీరున పెరిగి తగ్గిందన్నది కూడా కణానికి ఒక సందేశమే.

ఆ మందు పేరు నట్లిన్. 2004లో అమెరికాలోని నట్లీ పట్టణంలో ఉన్న ప్రయోగశాలలో ల్యూబొమిర్ వాసిలెవ్ బృందం దాన్ని తయారుచేసింది. ఎం.డి.ఎం.-2 గుంటలో అది ముందే వెళ్ళి కూర్చుంటుంది. ఇక పి-53కి అక్కడ చోటుండదు. డి.ఎన్.ఎ.ను గాయపరచకుండానే తూము మూయవచ్చు. ఆలోచన అందంగానే ఉంది. కానీ ఇది పనిచేయాలంటే ఆ కణితిలో పి-53 మంచిదై ఉండాలి. పైగా మందు మంచి కణాలకూ చేరుతుంది. ఈ తరగతి మందులను రోగులకు ఇచ్చి చూసినప్పుడు, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు తగ్గడం పెద్ద సమస్య అయింది. ఎం.డి.ఎం.-2 లేని ఎలుక పిండాలు 1995లోనే మనకు ఈ హెచ్చరిక చేశాయి కదా!

ప్రకృతి మాత్రం ఈ లెక్కను ఒకచోట మరోలా చేసింది. ఏనుగు ఒంట్లో మనకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కణాలున్నాయి. అయినా దానికి క్యాన్సర్ తక్కువ. 2015లో పరిశీలిస్తే, మనలో ఒక్కటే ఉన్న ఈ జన్యువుకు ఆఫ్రికా ఏనుగులో సుమారు 20 ప్రతులున్నాయని తేలింది. వాటిలో ఎక్కువ భాగం కుదించుకుపోయిన నకళ్ళే. డి.ఎన్.ఎ. దెబ్బతిన్నప్పుడు ఏనుగు కణాలు మన కణాలకంటే తొందరగా మరణాన్ని ఎంచుకుంటాయి. ఆ నకళ్ళలో ఏది ఏ పని చేస్తుందో విప్పి చెప్పే పని ఇంకా సాగుతున్నది.

పెన్సిలు గీత

ఒకే గాయం తగిలిన రెండు పక్కపక్క కణాల్లో ఒకటి ఆగి కోలుకుంటుంది, మరొకటి చనిపోతుంది. ఎందుకు? దీనికి పూర్తి జవాబు ఇంకా రాలేదు. మీలో ఎవరైనా జీవశాస్త్రం చదివి ఆ ప్రశ్న పట్టుకుంటే, దానికి కావలసిన పనిముట్లు 1979లో లేనివి ఇప్పుడున్నాయి.

ఈ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేవి 1984, 1985 నాటి వ్యాసాలు. దెబ్బ తగిలితే పి-53 నాశనం ఆగుతుందని ఒకరు రాశారు. అది లేకపోయినా క్యాన్సర్ వస్తుందని మరొకరు రాశారు. రెండూ అచ్చయ్యాయి, గ్రంథాలయాలకు చేరాయి, అందరికీ అందుబాటులో ఉన్నాయి. అందరూ నమ్మిన కథలో ఇమడలేదు కనుక నాలుగైదేళ్ళు పక్కన పడి ఉన్నాయి. చివరికి వాటికి విలువ తెచ్చింది, తమ నకలు ఎందుకు పనిచేయడంలేదో తేల్చుకునేదాకా ఊరుకోని ఒక ప్రయోగశాల.

మీ ప్రాక్టికల్స్‌లో ఫలితం పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే, రికార్డులో అంకెలు దిద్దుకోవాలనిపించడం సహజం. దిద్దకండి. వచ్చింది వచ్చినట్టు రాసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టండి. గ్రంథాలయ పుస్తకంలో మాత్రం వద్దు. మీ సొంత నోట్సులో పెట్టుకోండి.